ఆగతాదని నాకు తెలుసు

1998 ఫిబ్రవరి 9

ఆఫీసులో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళు పెట్టె అడుగున పడుండింది. ఈ పొద్దు రాయాలనిపించింది. తెలుగులో రాస్తా ఉండాను. చిన్నప్పుడు చిత్తూరులో అవ్వ దగ్గరుండి చదువుకున్నందుకు ఈ అక్షరాలు మిగిలినాయి. గుడియాత్తంలో మా ఇంట్లో తెలుగే మాట్లాడతాము గాని నాయనకీ అమ్మకీ చదవను రాదు. ఆఫీసులో అందరిదీ అరవం. కాబట్టి ఎవురి కంట పడినా భయం లేదు.

సార్ ఈ పొద్దు సురేంద్రన్‌ని కొట్టినాడు. చెంప మీద, అందరి ముందర. సురేంద్రన్ కళ్ళద్దాలు ఎగిరి ప్రింటర్ కింద పడినాయి. తప్పు సురేంద్రన్‌ది కాదు. పేర్ణాంబట్టు రోడ్డులో బూట్ల పైతోలు కోసే ఫ్యాక్టరీ ఉండాది. ఆడ ఒక పాత ప్రెస్సుకి మేము కంప్యూటర్ బిగించినాము. రిపోర్టు ప్రింటయ్యేటప్పుడల్లా ఆ ప్రెస్సు తత్తరపడతా ఉండాది. తోలుని కోసే దాని తల రొంత ఆలస్యంగా దిగతాది, తోలు పక్కకి తెగతాది. వైర్లు లాగేది సురేంద్రన్, ప్రోగ్రాం రాసేది నేను. ఆలస్యం నా ప్రోగ్రాంలో ఉండాది, వైర్లలో కాదు. అది సార్‌కీ తెలుసు. ఆడపిల్లని కొట్టలేక వాణ్ణి కొట్టినాడేమో.

జానకిరామన్ సార్ చెడ్డోడు కాదు. బెంగుళూరులో పెద్ద ఉద్యోగం వదిలేసి వచ్చి వేలూరులో, సత్తువాచ్చారిలో, రెండు గదుల్లో ఈ కంపెనీ పెట్టినాడు. ఇంగ్లీషుకి నోరు తిరగని నన్ను, ఒక మేస్త్రీ కూతుర్ని, పిలిచి ఉద్యోగం ఇచ్చినాడు. ఆయనకి పని మీద ప్రేమ ఎక్కువ. ఆ కోపం దాన్లోనుంచే వస్తాది.

సాయంత్రం సురేంద్రన్ నాకోసం ఆగకుండా కాట్పాడి బస్సు ఎక్కేసినాడు.

ఫిబ్రవరి 12

ఫ్యాక్టరీకి సార్ కూడా వచ్చినాడు. వచ్చే వారం జర్మనీ నుంచి సరుకు కొనేవాళ్ళు చూసేదానికి వస్తా ఉండారంట. అప్పటికి ప్రెస్సు ఒక్కసారి కూడా తత్తరపడకూడదని ముదలాళి, అంటే ఫ్యాక్టరీ ఓనరు, తెగేసి చెప్పినాడు. సార్ నేను కూచున్న కుర్చీని కాలితో తోసి, తనే కూచున్నాడు.

నా ప్రోగ్రాంలో థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనులు, రెండు. ఒకటి ప్రెస్సు తలని దించి లేపేది. ఇంకొకటి కాపలా కాసేది. పాత ప్రెస్సులో రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే తల దిగేది. సార్ వాటిని పీకించేసినాడు. ఇప్పుడు టేబులే తోలుని లోపలికి లాక్కుంటాది, తల దానంతట అదే దిగి లేస్తా ఉంటాది. ఎవురన్నా చెయ్యి పెడితే ముందర ఒక ఎలక్ట్రిక్ కన్నులోకి పోయే వెలుతురు గీత తెగతాది. గీత తెగినా, పక్కనుండే ఎర్ర బటన్ నొక్కినా, ఆ సంగతి చూసి తలని ఆపేది ఆ కాపలా థ్రెడ్డే.

తలని దించే థ్రెడ్డు, టేబులు చోటికి చేరిందని సిగ్నల్ వచ్చేదాకా నిద్రపోయేటట్ల నేను రాసినాను. సిగ్నల్ వచ్చి లేపితే లేస్తాది. సార్ ఆ నిద్ర వరసలు కొట్టేసి, విడవకుండా "వచ్చిందా, వచ్చిందా" అని అడగతా ఉండేటట్ల మార్చినాడు. మార్చి దాన్ని అన్నిటికన్నా పైమెట్టు మీద పెట్టినాడు. రియల్‌టైం ప్రయారిటీ.

"సార్, అది పైన కూచోని అడగతానే ఉంటే మిగతా వాటికి వంతు రాదు. కాపలా కాసేదానికీ రాదు" అన్నాను.

"ఎంత సేపమ్మా? సిగ్నల్ వచ్చేంత సేపే గదా. రెప్పపాటు."

"సిగ్నల్ రాకపోతే?"

మౌస్ లాగి గోడకేసి కొట్టినాడు. గోడ మీద సున్నం పెళ్ళ లేచింది. "ముందు ఆలస్యం లేకుండా రాసేది నేర్చుకో. తర్వాత నాకు పాఠం చెప్దువు" అన్నాడు.

ప్రెస్సు మాత్రం చక్కగా నడిచింది. ఒక్క ముక్క కూడా పక్కకి తెగలేదు.

ఆ ప్రెస్సు నడిపేది జెసింత అనే ఆమె. నా వయసే ఉంటాది. మా నాయన కాడ సిమెంటు కలిపే ఏసుదాస్ పెళ్ళాం. సార్ టీ తాగను పోయినప్పుడు నా పక్కకి వచ్చి నిలబడింది. "ఏంది మేస్త్రీ కూతురా, ఎందుకు ఆయన అట్ల ఎగిరినాడు?" అనింది.

"మీ వీధిలో కుళాయి కాడ అందరూ వరసలో నిలబడతారు గదా. ఒకామె ముందరికి దూరి కుళాయి కింద బిందె పెట్టి కూచునింది అనుకో. నీళ్ళు రావు, ఆమె లేవదు. అట్లాంటి తగువు" అన్నాను.

జెసింత నవ్వింది. "మా వీధిలో అట్ల కూచున్నామెని జుట్టు పట్టుకోని ఈడ్చినారు. బిందె సొట్ట పోయింది, ఆమె తలకాయ కూడా" అనింది.

జర్మనీవాళ్ళు వచ్చిపోయేదాకానే. తర్వాత తీసేస్తాడు.

ఫిబ్రవరి 21

వాళ్ళు వచ్చి చూసి పోయినారు. సార్ అందరికీ మైసూర్‌పాకు పంచినాడు. సురేంద్రన్ భుజం మీద చెయ్యేసి మాట్లాడినాడు. చెడ్డోడు కాదని నేను ముందే రాసినాను.

మార్చి 3

పైమెట్టు నుంచి దించేస్తామా అని అడిగినాను. "చూస్తాంలే" అన్నాడు.

మార్చి 10

అడగలేదు. ఆయన సంతోషంగా ఉండాడు.

మార్చి 17

ఈ పొద్దు విన్న చప్పుడు చెవిలోనుంచి పోలేదు. రాస్తే తగ్గతాదేమో.

మధ్యాన్నం భోజనాలయి అందరూ మళ్ళా పనికి కూచున్నారు. నేను ప్రెస్సు పక్కన కంప్యూటర్ ముందర ఉండాను. రిపోర్టులో తేదీ పడే చోటు మారుస్తా ఉండాను. మౌస్ కదలడం మానేసింది. తెర మూలన గడియారం నిలబడిపోయింది. తలెత్తి చూసినాను. తోలు మడతపడి టేబులు మధ్యలో ఇరుక్కోనుండాది. తల పైన్నే ఉండాది. టేబులు చోటికి చేరిందనే సిగ్నల్ కోసం పైమెట్టు థ్రెడ్డు అడగతా కూచునింది. ఇంగ కంప్యూటర్లో దేనికీ వంతు లేదు.

జెసింత మడత తీసేదానికి చెయ్యి లోపల పెట్టింది. చెయ్యి పెడితే ఆగిపోతాదని ఆమెకి నేర్పించింది మేమే.

"జెసింతా, చెయ్యి తియ్యి" అని అరిచినాను. అప్పటికే మడత వీడింది. టేబులు జారి చోటికి చేరింది. తల దిగింది.

చప్పుడు రాయలేను. ఎండు కొబ్బరి మట్టని కాలి కింద విరిచినట్ల, దాని వెంటనే తడిగుడ్డని రాయి మీద కొట్టినట్ల. ఆమె మొదట అరవలేదు. తన చెయ్యి యాడికి పోయిందో అన్నట్ల చూసింది. ఆ తర్వాత అరిచింది. పక్క మిషను ఆమె పరిగెత్తి వచ్చి ఎర్ర బటన్‌ని పిడికిలితో గుద్దింది. మళ్ళా గుద్దింది. మళ్ళా. తల లేవలేదు. అడుగుదాకా పోతేగాని అడుగు సిగ్నల్ రాదు, మధ్యలో చెయ్యి ఉండాది. సిగ్నల్ వస్తేగాని ఆ థ్రెడ్డు తలని లేపదు. అందుకని అది ఇంకా నొక్కింది. ఇంకా నొక్కింది. నేను కీబోర్డు మీద అన్ని కీలూ కొడతానే ఉండాను.

సురేంద్రన్ గోడ మీదుండే మెయిన్ లాగేసినాడు. మోటారు ఆగింది గాని తల లేవలేదు. మొగోళ్ళు కడ్డీలు దూర్చి ఎత్తినారు. తలకి బిగించిన అచ్చు అంచు కత్తి మాదిరి ఉంటాది, తోలు కోసేది అదే. ఆమె చేతిని బూటు ముక్క ఆకారంలో కోసింది.

ఆమెని వేలూరు పెద్దాసుపత్రికి తీసుకపోయినారు. నా చీర విప్పి, కొంగు ఆమె చేతికి చుట్టి పంపించినాను. రవికతో, లంగాతో, ఎవురో ఇచ్చిన గోనెపట్టా కప్పుకొని ఇల్లు చేరినాను. అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

మార్చి 18

మణికట్టు పైదాకా తీసేసినారు. కుడిచెయ్యి.

సార్ ఆఫీసులో తలుపేసుకోని ముదలాళితో ఫోన్లో మాట్లాడినాడు. బయటికి వచ్చి, "ఆ ఆడమనిషి వెలుతురు కన్నుకి నల్ల టేపు అంటించుకోనుండాది. గీత తెగితే పని ఆగిపోతాదని, పీసులు తక్కువ పడతాయని. అందుకే ఆగలేదు" అన్నాడు.

టేపు లేదు. నేను ఆడనే ఉండాను.

ఆయనా తత్తరపడి ఉండాడు. రెండు దినాలు పోతే సరైన మాట చెప్తాడు.

మార్చి 20

సార్ సురేంద్రన్‌ని ఫ్యాక్టరీకి పంపించినాడు. కంప్యూటర్లో ప్రోగ్రాం తుడిచేసి రమ్మన్నాడు. నన్ను ఎందుకు పంపలేదో తెలీదు. జెసింత చుట్టాలు గేటు కాడ కూచోనుండారు. సురేంద్రన్ కంప్యూటర్ ముందర కూచోగానే, ఏమీ తుడవకముందే పట్టుకున్నారు. వాడు ఏం చేసేదానికి వచ్చినాడో ఎవురికైనా అర్థమవతాది.

తోలు చుట్టే ఇనప రాడ్డుతో కొట్టినారంట. కింద పడితే తొక్కినారంట. ఒకడు టేబుల్ మీదుండే ఇంకొక అచ్చు తీసుకొని మొహాన కొట్టినాడంట.

మార్చి 21

సురేంద్రన్‌ని చూసేదానికి పోయినాను. జెసింత ఉండే ఆసుపత్రే, వేరే వార్డు. దవడకి కట్టు కట్టినారు. ఎడమ కన్ను ఇంగ రాదంట. పళ్ళ సందులోనుంచి మాట్లాడినాడు. దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది.

"వాళ్ళు కొట్టింది నన్ను కాదు దేవకీ. సార్‌ని కొట్టినారు. సార్ ఆడ లేడు, అంతే" అన్నాడు.

"ఎందుకు పోయినావు?"

"పోనంటే ఈడ కొట్టుంటాడు."

వాళ్ళమ్మ బయట నిలబడి నన్ను చూస్తా ఉండింది. ఆమె మొహం నేను చూడలేదు.

మార్చి 23

సార్ ఒక నల్ల టేపు చుట్ట నా టేబులు మీద పెట్టినాడు.

"ఎల్లుండి పోయి ఆ కన్నుకి అంటించి రా. పాత టేపు మాదిరి కనపడాల, దుమ్ము పుయ్యి. దాని మర్నాడు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ప్రోగ్రాం ముట్టుకోవద్దు. మన ప్రోగ్రాంలో తప్పు లేనప్పుడు మార్చే పనేముంది?"

"నేను పోను సార్. టేపు లేదు. నేను చూసినాను."

ఏం చూసినావు అన్నాడు. మళ్ళా చెప్పినాను. జడ పట్టుకోని తల వెనక్కి వంచినాడు. ఇంకొక చేత్తో కొట్టినాడు. "బంక మట్టి పిసికే జాతికి కుర్చీ వేసింది నేను" అన్నాడు. అది అరవంలోనే అన్నాడు. తెలుగులో రాస్తే రొంత తక్కువగా కనపడతా ఉండాది.

గట్టిగా తగల్లేదు.

టేపు తీసుకున్నాను.

ఇంటికి వస్తే నాయన నా చెంప చూసినాడు. "బస్సులో కమ్మీ తగిలింది నాయనా" అన్నాను. "ఏ బస్సు కమ్మీకి అయిదు వేళ్ళు ఉంటాయి?" అని గోడకి ఆనించిన గడ్డపార తీసుకున్నాడు. అమ్మ కాళ్ళకి అడ్డం పడింది. ఏసుదాస్ పనికి రావడం లేదని, యాడుండాడో తెలీదని, నాయన రొంత సేపటికి చెప్పినాడు. గడ్డపార మాత్రం వాకిట్లో తన పక్కనే పెట్టుకొని కూచున్నాడు.

మార్చి 25

ఫ్యాక్టరీకి పోయినాను. టేపు చుట్టని కక్కసులో పడేసినాను.

ప్రోగ్రాం మార్చినాను. సార్ వద్దన్నదే చేసినాను. తలని దించే దాన్ని పైమెట్టు నుంచి దించేసినాను. దానికి నిద్ర మళ్ళా ఇచ్చినాను, సిగ్నల్ వస్తేనే లేస్తాది. పైమెట్టు మీద కాపలా కాసేదాన్ని పెట్టినాను. అది ఎక్కువ పని చెయ్యకూడదు. లేవాల, గీత చూడాల, బటన్ చూడాల, వెంటనే పడుకోవాల. పైనుండేది ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది. కాపలా ఒప్పుకుంటేగాని తల దిగకూడదని కూడా రాసినాను. ఎర్ర బటన్ అసలు ప్రోగ్రాంలోకే రాకూడదు, నేరుగా మోటారు కరెంటుని తెంపాల. ఆ వైరు లాగాల్సినోడు ఆసుపత్రిలో ఉండాడు.

ఒక చేతి తొడుగులో తోలు తుక్కు కూరి, కట్టెకి కట్టి, తల కింద పెట్టి చూసినాను. ఆగింది. మళ్ళా పెట్టినాను. ఆగింది. టేబులు ఇరుక్కునేటట్ల చేసి పెట్టినాను. ఆగింది.

ఇప్పుడు ఆగతాది. ఆగతాదని నాకు తెలుసు.

సార్‌కి ఫోన్ చేసి "పని అయిపోయింది సార్" అన్నాను. "గుడ్" అన్నాడు.

మార్చి 26

ఈ పొద్దు జరిగిందంతా వరసగా రాస్తాను.

ఇన్‌స్పెక్టరు పొద్దున్నే వచ్చినాడు. వయసైన మనిషి, మెల్లిగా మాట్లాడతాడు. ముదలాళి ఆయనకి ఇచ్చేదానికని పాత రిపోర్టులన్నీ ప్రింటర్లో వేసినాడు. సార్ తెల్లచొక్కా వేసుకోని వచ్చినాడు. మిషనులో తప్పు లేదని, ఆ అమ్మాయి టేపు అంటించుకుందని, కావాలంటే చూడండని వెలుతురు కన్ను కాడికి తీసుకపోయినాడు. ఆడ టేపు లేదు. నా వైపు చూసినాడు. నేను తెర వైపు చూసినాను.

అప్పుడే వెనక షట్టరు మూసిన చప్పుడయింది. ఏసుదాస్, వాడి వెనక ఆరేడు మంది. వాళ్ళ చేతుల్లో కట్టెలుండాయి. ఇన్‌స్పెక్టరుని గోడకి నెట్టి నిలబెట్టినారు, ఆయన్ని కొట్టలేదు. ముదలాళి అడ్డం వస్తే భుజం మీద ఒక దెబ్బ వేసినారు, కూలబడినాడు. ఏసుదాస్ సార్ మెడ పట్టుకున్నాడు. తెల్లచొక్కా భుజం కాడ చినిగింది. సార్ తన్నినాడు, కొరికినాడు. కడుపులో ఒక కట్టె పోటు పడినాక ఆగినాడు. ఇద్దరు ఆయన కుడిచేతిని మోచేతి దాకా ప్రెస్సు తల కిందికి దూర్చి పట్టుకున్నారు.

"మిషన్లో తప్పు లేదంటివి గదా. చెయ్యి పెడితే ఆగతాదంటివి" అన్నాడు ఏసుదాస్. వాడు అరవలేదు. నా వైపు తిరిగినాడు. "అమ్మా, మేస్త్రీ కూతురా. నడుపు."

సార్ మొహం తోలు నానబెట్టిన నీళ్ళ రంగులోకి వచ్చింది. "నడపొద్దు. దేవకీ, నడపొద్దు. ఆగదు" అన్నాడు.

"ఎందుకాగదు?" అని అడిగినాడు ఇన్‌స్పెక్టరు, గోడ కాడినుంచి.

"దాన్ని పైన పెట్టినాను. రియల్‌టైంలో పెట్టినాను. బటన్ వినదు, గీత వినదు. ఈ పిల్ల చెప్పింది, నేనే పెట్టినాను. టేపు లేదు. ఏ టేపూ లేదు. దేవకీ, తల్లీ, నడపొద్దు."

అందరూ విన్నారు. కావాల్సింది వచ్చేసింది. ఇంగ నేను కుర్చీలోనుంచి లేచి పక్కకి పోతే సరిపోయేది. మెయిన్ నాలుగడుగుల దూరంలో ఉండింది.

ఏసుదాస్ ఏడుస్తా ఉండాడు. "నడుపమ్మా" అన్నాడు మళ్ళా. ఆ మాటలో ఇంగ బలం లేదు. పట్టుకున్న వాళ్ళ చేతులు కూడా వదులవతా ఉండాయి. నేను చూసినాను.

ఎంటర్ నొక్కినాను.

తల ఒక్క అదురు అదిరి దిగింది. సార్ అరిచిన అరుపుకి పక్క షెడ్డులో వాళ్ళు పరిగెత్తుకోని వచ్చినారు. జానెడు దిగి ఆగింది. అచ్చు అంచు ఆయన మణికట్టు మీద వెంట్రుకల్ని తాకతా ఆగింది. చెయ్యి వదిలేసినారు. ఆయన లాక్కోలేదు. చెయ్యి ఆడనే పెట్టుకోని నేల మీదికి జారిపోయినాడు. ప్యాంటు తడిసిపోయుండింది.

ఏసుదాస్ నన్ను చూసినాడు. సార్‌ని చూసినట్లే చూసినాడు.

పోలీసులు వచ్చినారు.

మార్చి 27

గుడియాత్తం స్టేషను. ఎస్సై అడిగినాడు. "ప్రోగ్రాం మార్చినాను. ఆగతాదని నాకు తెలుసు. తెలిసే నొక్కినాను" అని చెప్పినాను. రాసుకున్నాడు. "భయపెట్టి నీ చేత నొక్కించినారు, అంతే గదమ్మా" అన్నాడు. నేను ఊ అన్నాను.

ఆగతాదని నాకు తెలుసు.

మార్చి 28

ఆగతాదని నాకు తెలుసు. ఆగింది గదా.

మార్చి 30

రాయకుండా వదిలేసింది ఒకటుండాది.

ఆ తొడుగుతో పరీక్ష చేసిన పొద్దు, ప్రింటర్ నడస్తా ఉన్నప్పుడు కూడా ఒకసారి పెట్టి చూసినాను. ఆగలేదు. తుక్కు కూరిన వేళ్ళు చదునుగా నలిగిపోయినాయి. ఎందుకో తెలీలేదు. కాపలా థ్రెడ్డు లేవాల్సినప్పుడు దానికి కావాల్సిందేదో ప్రింటర్ పనిచేసే థ్రెడ్డు పట్టుకోని వదల్లేదేమో. పైమెట్టు మీదుండేది కూడా కిందుండేదాని కోసం కాచుకోవాల్సి వచ్చిందేమో. అట్ల అవతాదని చదివినాను. మళ్ళా పెట్టినాను, ఆగింది. ఇంకోసారి పెట్టినాను, ఆగింది. కట్టెకుండే తొడుగు తీసేసి కొత్తది కట్టినాను. డైరీలో ఆగింది అని రాసినాను.

నొక్కిన పొద్దు ప్రింటర్ నడస్తా ఉండింది. ఆ చప్పుడు నా చెవిలో పడతానే ఉండింది. ముదలాళి రిపోర్టులు ఒకటెనక ఒకటి వస్తా ఉండినాయి. చెయ్యి లోపలుంటే అసలు దిగకూడని తల జానెడు దిగింది.

నాకు తెలీదు. ఆగతాదో లేదో తెలీకుండానే నొక్కినాను. ఆయన నా జడ పట్టుకున్న చెయ్యి అది.

ఏప్రిల్ 2

నాయనతో చెప్పినాను. అంతా చెప్పినాను, ప్రింటర్ సంగతి కూడా. నాయన శానా సేపు తాపీకి అంటుకున్న ఎండు సిమెంటు గోకతా కూచున్నాడు.

"ఏసుదాస్ లోపలుండాడు. నిన్ను బెదిరించినాడని రాసినారంట. దానికి శిక్ష ఎక్కువ పడతాదంట" అన్నాడు.

"తెలుసు నాయనా."

"చొక్కా వేసుకుంటాను. పోదాం పద."

ఎస్సై కొత్త కాగితం తీసినాడు. బెదిరింపుకి భయపడి నొక్కలేదని చెప్పినాను. లేచి పోయేదానికి దోవ ఉండిందని, పట్టుకున్నోళ్ళు వదిలేస్తా ఉండారని, అయినా నొక్కినానని, ఆగతాదని గట్టిగా తెలీదని చెప్పినాను. పెన్ను ఆపి నాయన వైపు చూసినాడు.

"ఇది రాస్తే కేసు మీ బిడ్డ మీదికి కూడా వస్తాది మేస్త్రీ."

"ఆమె చెప్పేది రాయి సార్" అన్నాడు నాయన.

ఏప్రిల్ 20

ఏసుదాస్ బెయిలు మీద బయటికి వచ్చినాడు. నాకూ బెయిలు వచ్చింది. జానకిరామన్ మీద ఇన్‌స్పెక్టరు రిపోర్టు రాసినాడు, తను చెవులారా విన్నదంతా. వేలూరులో రెండు గదులకీ తాళం పడింది. కోర్టులో ఎన్నేళ్ళు పడతాదో ఎవురికీ తెలీదు.

ఇంత వరకు ఆయన్ని సార్ అనే రాసినాను. ఇప్పుడే చూసుకున్నాను.

మే 11

ముదలాళి పిలిపించినాడు. సురేంద్రన్ ఒంటికన్నుతో వచ్చినాడు. పీకేసిన రెండు చేతుల బటన్లు మళ్ళా పెట్టించినాము. ఎర్ర బటన్ వైరుని కంప్యూటర్ నుంచి తీసేసి నేరుగా మోటారు కరెంటుకే ఇచ్చినాడు. ప్రింటర్‌ని వేరే కంప్యూటర్‌కి మార్చినాను. పైమెట్టు మీద ఎవుర్నీ పెట్టలేదు. తల రొంత ఆలస్యంగా దిగతా ఉండాది. ముదలాళి గొణిగినాడు. సురేంద్రన్ స్క్రూడ్రైవర్ పట్టుకోని ఆయన వైపు తిరిగినాడు. గొణగడం ఆపినాడు.

ఎర్ర బటన్ నేను నొక్కి చూసినాను. మోటారు చచ్చింది. ఊరికే మళ్ళా మళ్ళా నొక్కినాను. సురేంద్రన్ వద్దనలేదు.

జూన్ 7

జెసింత ఇంటికి పోయినాను. ఇన్నాళ్ళు పోలేదు. ఆసుపత్రిలో సురేంద్రన్ వార్డుకి పోయినాను గాని ఆమె వార్డు మెట్లు ఎక్కలేదు. నా కొంగు చుట్టి పంపింది చాలన్నట్ల ఉండిపోయినాను.

తల స్నానం చేసి, వాకిట్లో పీట మీద కూచోని జుట్టు ఆరబెట్టుకుంటా ఉండాది. కుడిచేతి మొండికి గుడ్డ చుట్టుండాది. ఏసుదాస్ ఇంట్లో లేడు. నన్ను కూచోమనలేదు. నిలబడే ఉండాను.

"మా ఆయన చెప్పినాడు. నువ్వు నొక్కినావంట" అనింది.

"అవును."

"ఆ మనిషి అంతా ఒప్పేసుకున్నాకనే నొక్కినావంట."

"అవును."

"ఆ చెయ్యి తెగిపోవాలనే నొక్కినావా?"

అబద్ధం చెప్పేదానికి నోరు తెరిచినాను. రాలేదు. "అవును" అన్నాను.

జెసింత నన్ను తేరిపార చూసింది. "తెగుండింటే మా ఆయన పదేళ్ళు జైల్లో ఉండును. నేను ఈ ఒంటిచేత్తో ఇద్దరు బిడ్డల్ని పెట్టుకోని యాడికి పోదును? నా చేతికోసమని వాళ్ళంతా కట్టెలు తీసుకున్నారు. నా చేతికోసమని నువ్వు నొక్కినావు. ఆసుపత్రిలో నేను మెలకువగానే ఉండాను. ఒకరన్నా వచ్చి, జెసింతా, నీకేం కావాల అని అడిగినారా?"

  నేనూ అడగలేదు.

 ఎదురింటి వాళ్ళు వాకిట్లోకి వచ్చి చూసి లోపలికి పోయినారు. పోదామని చెప్పులు వేసుకున్నాను.

"యాడికి పోతావు? ఇట్ల రా" అనింది. ఎడమచేత్తో దువ్వెన చాపింది. "మా ఆయనకి జడ వెయ్యను రాదు. మా అత్త వేస్తే పీకి పీకి వేస్తాది. వెయ్యి."

చెప్పులు విడిచి ఆమె వెనక కూచున్నాను. జుట్టు ఇంకా తడిగానే ఉండాది, చిక్కులు పడుండాది.  కొసల కాడినుంచి మొదలుపెట్టినాను.

"లాగొద్దు" అనింది జెసింత.

"లేదు."

"నొప్పి పుడితే చెప్తాను. చెప్తే ఆపాల."

"చెప్పు" అన్నాను.